చూడవచ్చేవారి కోసం తయారైన అనాథలు

సంపాదకులకు,

అమెరికాలో పదకొండో తరగతి చదువుతున్న అమ్మాయి, నాకు మనవరాలి వరస, ఈ వేసవిలో కంబోడియా వెళ్లి రెండు వారాలు అనాథ పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతానంటోంది. కాలేజీ దరఖాస్తులో సేవ చేసినట్టు రాసుకోవాలి కదా! అందుకు తల్లిదండ్రులు ఒక సంస్థకు కట్టిన సొమ్మెంతో విని నాకు నోట మాట రాలేదు. ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేశాను. శిక్షణ పొందిన పత్రం చూపించనిదే నన్ను తరగతిలో అడుగు పెట్టనివ్వలేదు. పదహారేళ్ల పిల్లకు అక్కడ పాఠం చెప్పే అర్హత ఎక్కడిది?

ఉద్ధరించడానికి బయలుదేరే ఈ తెల్లదొరల ధోరణిని పాశ్చాత్య దేశాల్లోనే చాలాకాలంగా తప్పుపడుతున్నారు. వెళ్లేది మన పిల్లలైతే మాత్రం ధోరణి మారుతుందా?

కంబోడియాలో 2005–2010 మధ్య అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. అక్కడి యుద్ధం ఎప్పుడో ముగిసింది. పెరిగింది పర్యాటకులు. యూనిసెఫ్ లెక్క ప్రకారం ఆ ఆశ్రమాల్లో ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదువు, తిండి దొరుకుతాయని ఆశపడిన పేదల బిడ్డలు వాళ్లు. ఆంగ్‌కోర్ వాట్ గుడి చూడవచ్చినవారు ఆశ్రమానికీ వెళ్లి, పిల్లల ఆటపాటలు చూసి, కళ్లు తుడుచుకుని డబ్బిచ్చి వెళతారు. బిడ్డ ఇంటికి వెళ్లిపోతే నిర్వాహకుడి రాబడి పోతుంది. మరి పంపిస్తాడా? పిల్లల్ని ఇలా ఆశ్రమాలకు తరలించడాన్ని 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వంగా గుర్తించింది.

రెండు వారాలకొకరు వచ్చి, ఎత్తుకుని ముద్దాడి మాయమైతే ఆ పసివాళ్లు ఏమైపోవాలి? మా బడిలో టీచరు ఏడాది మధ్యలో బదిలీ అయితేనే ఒకటో తరగతి పిల్లలు నాలుగు రోజులు బెంగపెట్టుకునేవారు.

ఇక ఫొటోల సంగతి. 2019లో బ్రిటన్ టీవీ వ్యాఖ్యాత స్టేసీ డూలీ విరాళాలు సేకరించే కామిక్ రిలీఫ్ సంస్థ తరఫున ఉగాండా వెళ్లి, ఒక పసివాడిని ఎత్తుకున్న ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ప్రపంచానికి ఇక తెల్ల ఉద్ధారకులు అక్కర్లేదని ఎంపీ డేవిడ్ లామీ గట్టిగానే అన్నారు. పెద్ద రభసే అయింది. మరుసటి ఏడాది, ఇకపై ప్రముఖులను ఆఫ్రికాకు పంపబోమని, అక్కడి కథలు అక్కడివారే చిత్రీకరిస్తారని ఆ సంస్థ ప్రకటించింది.

మన దగ్గర? పుట్టినరోజుకు ఆశ్రమానికి వెళ్లి కేకు కోస్తారు. పిల్లలను వరసగా నిలబెట్టి, పళ్లు చేతికిస్తూ ఫొటో దిగుతారు. అది మర్నాడు మీ జిల్లా పేజీలో వస్తుంది. సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటోలు ప్రచురించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఆ ముఖాలు ఇకనైనా అచ్చు వేయకండి. దాత ఫొటో తప్పదనుకుంటే ఆయన ఒక్కడిదే వేయండి, చూస్తాం.

మనవరాలికి ఇవన్నీ ఫోనులో చెప్పాను. చాలాసేపు విని, "కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వరట అమ్మమ్మా" అంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం