దత్తత బిడ్డల ఫైళ్లలో ఆరోగ్య వివరాలు రాయించండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నేను పర్లాకిమిడిలో పెరిగిన దత్తపుత్రికని. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. నన్ను పెంచినవాళ్లే నా అమ్మానాన్నలు, అందులో నాకే లోటూ లేదు.

పెళ్లయ్యాక చంటిబిడ్డని ఎత్తుకుని కెనడా వెళ్లాను. అక్కడి పిల్లల డాక్టరు, "మీ కుటుంబాల్లో ఎవరికైనా సికిల్ సెల్, తలసేమియా లాంటి వంశపారంపర్య రక్తజబ్బులు ఉన్నాయా?" అని అడిగారు. మా ఆయన తాతల దాకా చెప్పుకొచ్చారు. నా వైపు గడులన్నీ ఖాళీ. మన దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ ఎంతమందిని పీడిస్తోందో మీకు తెలుసు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే బిడ్డకి జబ్బు. ఒక్కరి నుంచే వస్తే సాధారణంగా పైకి ఏమీ కనబడదు, కానీ తర్వాతి తరానికి చేరొచ్చు.

2022 దత్తత నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండినవాళ్లు తమ మూలాల గురించి అడగొచ్చు. నేను అడిగితే ఒక ఆఫీసులో, "మంచి ఇల్లే దొరికింది కదమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నారు. చాలా బాధేసింది. కన్నతల్లి పేరు నేను అడగలేదు. ఆవిడ గుట్టు ఆవిడది. నాకు కావలసింది ఆరోగ్యం సంగతి, నా బిడ్డ కోసం.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టుల బదులు మీరే ఇస్తున్నారు. సంతకం పెట్టేముందు ఫైల్లో సికిల్ సెల్ పరీక్ష ఫలితం ఉందో లేదో దయచేసి చూడండి. కన్నవాళ్ల ఆరోగ్య వివరాలు తెలిసినంతవరకు, పేర్లు లేకుండా రాయించండి. పాత ఫైళ్లలో ఉన్నవి మాకు ఇప్పించండి. ఒడియా కాగితానికి ఇంగ్లీషు నకలు కూడా జతచేస్తే పరాయి దేశపు డాక్టరుకి చూపించుకోగలం.

ఇట్లు,
పర్లాకిమిడి ఆడపడుచు