మన 172 ఇరవై మూడు రోజులు నేలమీదే ఎందుకుందంటే

అందరికీ నమస్కారం.

టెక్సస్‌లోని డెంటన్‌లో మన సెస్నా 172 విమానం ఈ నెల దాదాపు హాంగర్ దాటలేదు. బుకింగ్ క్యాలెండర్‌లో "మెయింటెనెన్స్" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాను. గ్రూపులో అడిగినవాళ్లకి "చిన్న ఎలక్ట్రికల్ పని" అన్నాను. చిన్నదేం కాదు. జరిగింది చెప్పకుండా మళ్లీ మీ చేతికి తాళం ఇవ్వబుద్ధి కాలేదు.

ముందుగా ఇళ్లల్లో కంగారు పడుతున్నవాళ్లకి ఒక మాట. ఛార్జింగ్ పోతే ఇంజన్ ఆగదు. ప్లగ్గులకి స్పార్కు ఇచ్చేవి రెండు మాగ్నెటోలు. ఇంజన్ తిరుగుతున్నంతసేపు తమకి కావలసిన కరెంటు అవే పుట్టించుకుంటాయి, బ్యాటరీతో వాటికి పని లేదు. పోయేవి రేడియోలు, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి మనం ఎక్కడున్నామో చెప్పేది), లైట్లు, ఫ్లాపులు, ఇంధనం ముల్లు. పగటిపూట ఆకాశం బాగుంటే ఇది తలనొప్పి మాత్రమే. రాత్రయితే ఆ మాట అనలేను.

ఒక శుక్రవారం సాయంత్రం మన పాత సభ్యుడొకాయన ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్ నుంచి తిరిగొస్తున్నారు. ప్యానెల్ మీద "హై వోల్టేజ్" ఎర్ర లైటు వెలిగింది. పుస్తకంలో ఉన్నట్టే మాస్టర్ స్విచ్ మొత్తం ఆపి మళ్లీ వేశారు. ఆరింది. కాసేపటికి మళ్లీ వెలిగింది. మాస్టర్ స్విచ్‌లో ఆల్టర్నేటర్‌ని (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) నడిపే సగం ఆపేసి, ఒక్క రేడియో ఉంచుకుని మిగతావి కట్టేసి గెయిన్స్‌విల్‌లో దిగారు. అక్కడ కంట్రోల్ టవర్ లేదు, రేడియో మూగబోయినా దిగొచ్చు. ఇంకో పావుగంట ఓపిక పడితే డెంటన్ వచ్చేసేది కదా అని ఒకరిద్దరు నాతో అన్నారు. మనం డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్-ఫోర్ట్ వర్త్ ఎయిర్‌పోర్టు) చుట్టూ గీసిన 30 నాటికల్ మైళ్ల గిరి లోపల ఉన్నాం, అందులో ట్రాన్స్‌పాండర్ పనిచేస్తూ ఉండాలి. ట్రాన్స్‌పాండర్ ఎప్పుడు చస్తుందో తెలియని విమానంతో అందులోకి ఎందుకు దూరాలి? ఆయన చేసిందే సరైన పని.

నేనే కారేసుకుని వెళ్లి ఆయన్ని తీసుకొచ్చాను. ఐ-35 మీద అవతలి వైపంతా విన్‌స్టార్ కాసినోకి పోయే కార్ల బారు. దారి పొడవునా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనాల్సింది. ఫిబ్రవరిలో స్క్వాక్ షీట్ (విమానంలో కనిపించిన లోపాలు రాసే కాగితం) మీద "అమ్మీటర్ (ఛార్జింగ్ కరెంటు చూపే మీటరు) సూది వణుకుతోంది, ల్యాండింగ్ లైటు వేస్తే ఇంకా ఎక్కువ" అని రాసింది ఈయనే. దాని కింద నా చేతిరాతలో "గమనిస్తున్నాం" అని ఉంది. ఏం గమనించానో నాకే తెలియదు. పైగా హాంగర్‌లో నలుగురి ముందు, "1975 మోడల్ సార్, యాభై ఏళ్లకి మన చేతులే వణుకుతాయి" అని జోకు కూడా వేశాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఇక ఆల్టర్నేటర్ సంగతి. ఇక్కడ నాకు కాస్త ఎక్కువే రాయాలనుంది, ఓపిక పట్టండి.

జూన్‌లో వంద గంటల తనిఖీలో పాత ఆల్టర్నేటర్ బ్రష్షులు అరిగిపోయాయని తేలింది. దాన్ని ఇచ్చి ఓవర్‌హాల్ చేసినది తీసుకున్నాం, మొదటినుంచీ నేను కొంటున్న చోటే. పేరు రాయను. ఆ కొత్తది తొమ్మిది గంటలు నడిచాక గెయిన్స్‌విల్ ముచ్చట జరిగింది. కొత్తగా పెట్టింది అదొక్కటే కాబట్టి దోషం దానిదేనని నేను తీర్పు ఇచ్చేసి, వారంటీ కింద వెనక్కి పంపాను. నాలుగు రోజులకి జవాబు వచ్చింది: "మా టెస్ట్ బెంచ్ మీద బ్రహ్మాండంగా ఉంది. మీ విమానం వైరింగ్ చూసుకోండి."

నాకు ఎక్కడో కాలింది. ఇన్నేళ్లుగా ఈ విమానాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నవాణ్ణి, ప్రతి నట్టూ తెలిసినవాణ్ణి, ఫోన్లో ఎవరో కుర్రాడు నాకు వైరింగ్ పాఠం చెప్పడమేంటి? అరగంట వాదించాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని మా ఆవిడ పక్కనుంచి అంది కూడా. చివరికి వాళ్లు విసుగెత్తి ఇంకోటి పంపారు. అది అసలు ఛార్జే చేయలేదు. మెకానిక్ విప్పి మీటర్ పెడితే లోపల ఫీల్డ్ సర్క్యూట్ (కరెంటు పుట్టడానికి కావలసిన అయస్కాంతాన్ని తయారుచేసే తీగచుట్ట దారి) తెగిపోయి ఉంది. పరీక్ష చేశామని ట్యాగ్ కట్టి, సంతకం పెట్టి పంపిన వస్తువు అది! ఆ ట్యాగ్ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. మూడోదానికి షిప్పింగ్ మేమే పెట్టుకోవాలన్నారు. పెట్టుకున్నాను. వాళ్ల దగ్గర ఇక కొనను. అన్నీ తేలాక కూడా, చూస్తారుగా, ఆ నిర్ణయం మార్చుకోలేదు.

మూడోది వచ్చింది శుక్రవారం సాయంత్రం. మర్నాడు పొద్దున ఎనిమిదికి మన కుర్రాడొకడి చెక్‌రైడ్, అంటే పైలట్ లైసెన్స్ కోసం ఎగిరి చూపించే పరీక్ష. ఎగ్జామినర్ తేదీ కోసం అతను రెండున్నర నెలలు ఆగాడు. ఈ చుట్టుపక్కల ఎగ్జామినర్ల డేట్లు దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. విజయవాడ నుంచి అతని అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు, మంగళవారం వాళ్ల తిరుగు ప్రయాణం. లైసెన్స్ చేతికి రాగానే ఆదివారం వాళ్లని ఎక్కించుకుని లేక్ టెక్సోమా మీద ఒక చుట్టు తిప్పాలని అతని ఆశ. వాళ్ల నాన్నగారు హాంగర్‌కి వచ్చి రెక్క మీద చెయ్యేసి ఫొటో కూడా దిగారు.

రాత్రి తొమ్మిదికి బిగించడం అయిపోయింది. ఇంజన్ వేసి 1700 ఆర్‌పీఎమ్‌కి తెచ్చాం. సూది ప్లస్ వైపు కాస్త జరిగి నిలబడింది. నా ప్రాణం లేచి వచ్చింది. మెకానిక్ పెద్దాయన ఏమీ అనకుండా ల్యాండింగ్ లైటు వేశాడు. సూది వణికింది. ఎక్కువేం కాదు, సన్నగా. పిటో హీటర్ (వేగం కొలిచే గొట్టానికి మంచు పట్టకుండా వేడి చేసేది) కూడా వేశాడు. ఇంకాస్త వణికింది.

"ఎగరొచ్చు. ఎగరనివ్వాలో లేదో నువ్వు చెప్పు," అన్నాడు.

పదకొండు దాకా అక్కడే మడత కుర్చీలో కూర్చున్నాను. చెక్‌రైడ్ పగటిపూటే, లైటు వేయాల్సిన పని లేదు, అన్నీ కలిపి గంటన్నర. ఎర్ర లైటు వెలిగినా అతనికి ఏం చేయాలో తెలుసు, నేనే నేర్పించాను. ఇలా ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోతే "పంపించు" అనడానికి కారణాలు అయిదారు దొరికాయి. పంపొద్దు అనడానికి ఒకటే ఉంది, ఆ సూది. ఫిబ్రవరిలో కూడా సూదే.

పదకొండున్నరకి అతనికి ఫోన్ చేశాను. "సరే అన్నా" అన్నాడు, అంతే. కొత్త తేదీ ఆరు వారాల తర్వాత దొరికింది, అదీ వేరే స్కూల్లో, వేరే విమానం మీద. అమ్మానాన్నలు మంగళవారం వెళ్లిపోయారు. నా నిర్ణయం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. కానీ ఆ పిల్లాడు వేరేచోటికి వెళ్లాడంటే మనసు చివుక్కుమంది, దాచుకోవడం దేనికి. అతను కట్టిన డిపాజిట్ మొత్తం వెనక్కి ఇచ్చేశాను. అతని హెడ్‌సెట్ బ్యాగు నా అల్మారాలోనే ఉంది.

ఆదివారం పొద్దున పెద్దాయన చేసిన పని ఇంతే. ఇంజన్ ఆపి, మాస్టర్ రెండు సగాలూ వేసి, మీటర్ ఒక కొన బస్‌బార్ (అన్నిటికీ కరెంటు పంచే లోహపు పట్టీ) మీద, ఇంకో కొన వోల్టేజ్ రెగ్యులేటర్‌కి (ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని అదుపులో ఉంచేది) వచ్చే తీగ మీద పెట్టాడు. రెండింటి మధ్య తేడా ఇంచుమించు సున్నా ఉండాలి. 1.3 వోల్టులు చూపించింది. తర్వాత దారిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే కొలిచాడు. సర్క్యూట్ బ్రేకర్ దగ్గర 0.2, ఓవర్ వోల్టేజ్ సెన్సర్ కనెక్టర్ దగ్గర 0.2, మిగతా 0.9 మాస్టర్ స్విచ్‌లోనే. ఆ ఎర్ర రాకర్ స్విచ్, మనమందరం రోజూ నొక్కేది, విమానంతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. లోపల కాంటాక్టులు కాలి నల్లబడిపోయాయి.

దీని వల్ల జరిగేదేంటంటే, రెగ్యులేటర్ వోల్టేజ్ చూసుకునేదీ, ఆల్టర్నేటర్ ఫీల్డ్‌కి కరెంటు పంపేదీ ఒకే తీగ మీద. దారిలో అడ్డంకి ఉంటే దానికి వోల్టేజ్ తక్కువగా కనిపిస్తుంది, అందుకని ఫీల్డ్‌కి ఎక్కువ పంపుతుంది. ఎక్కువ పంపితే ఆ అడ్డంకి దగ్గర ఇంకా తరుగు, ఇంకా తక్కువ కనిపిస్తుంది. ఈలోగా బస్‌బార్ మీద 14 వోల్టులు ఉండాల్సింది 15 దాటుతుంది, అప్పుడు ఒక్కసారిగా తగ్గిస్తుంది. మళ్లీ మొదలు. సూది వణుకు ఇదే. పాత ఆల్టర్నేటర్ అరిగి బలహీనపడి ఉంది కాబట్టి వణుకుతో సరిపెట్టింది. ఓవర్‌హాల్ చేసినది బలంగా ఉంది, దాదాపు 16 వోల్టుల దగ్గర సెన్సర్ దాన్ని కట్ చేసేదాకా లాక్కెళ్లింది.

అంటే నేను వారంటీ కింద వెనక్కి పంపిన మొదటిది మంచిదే. ఫోన్లో కుర్రాడు చెప్పింది నిజమే. అతనికి ఫోన్ చేసి ఆ మాట ఒప్పుకున్నాను. అయినా రెండోది చచ్చిన ఆల్టర్నేటరే, ఆ మాట కూడా అదే ఫోన్లో చెప్పాను.

స్విచ్ మార్చాం, ఆమోదం ఉన్న కొత్తదే. బ్రేకర్ మార్చాం. కనెక్టర్ పిన్నులు, ఫైర్‌వాల్ దగ్గర రెగ్యులేటర్ గ్రౌండ్ శుభ్రం చేశాం. బెల్టు బిగువు చూశాం, బ్యాటరీకి కెపాసిటీ పరీక్ష చేయించాం, పాసైంది. తేడా ఇప్పుడు 0.1 వోల్టు. స్విచ్ ఖరీదు ఆల్టర్నేటర్ ఖరీదులో పదో వంతు లేదు. ఆ లెక్క తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఇప్పటికి నేనూ పెద్దాయనా కలిసి ఆరు గంటలు ఎగిరాం, అన్ని లైట్లూ వేసి. సూది కదల్లేదు. పది గంటలు నిండేదాకా రాత్రి ఫ్లైట్లు ఇవ్వను, బతిమాలొద్దు. గంట రేటు పెంచడం లేదు. స్క్వాక్ షీట్‌లో మీరు రాసినదానికి ఇకనుంచి జవాబు నేను కాదు, మెకానిక్ రాస్తాడు, సంతకంతో సహా.

బుకింగ్ సోమవారం తెరుస్తాను. శనివారం మొదటి స్లాట్ ఫిబ్రవరిలో సూది గురించి రాసిన సభ్యుడి పేరు మీద నేనే పెట్టేశాను. ఆయన అడగలేదు. ఆ రెండు గంటల ఎగరడానికి డబ్బులు తీసుకోను. పెట్రోలు మాత్రం ఆయనే పోయించుకోవాలి.