తావో పైపూత కాదు

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఆధునిక పాశ్చాత్య నాటకం మీద వ్యాసం వచ్చింది. ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ అమెరికన్ నాటకకర్త ఓనీల్, జర్మన్ నాటకకర్త బ్రెక్ట్‌ల నాటకాల్లో తావో తత్త్వం (ప్రకృతి గతికి అనుగుణంగా నడవమనే ప్రాచీన చైనా ఆలోచన) కేవలం "పైపూత" అన్న మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

పైపూత కోసం ఎవరైనా ఇంటికి ఆ పేరు పెట్టుకుంటారా? 1936లో నోబెల్ అందుకున్న యూజీన్ ఓనీల్ ఆ డబ్బుతో మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని డాన్‌విల్ కొండల్లో కట్టుకున్న ఇల్లే 'తావో హౌస్'. ప్రాచ్య రచనల్లో తనకు బహుశా అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది తావో గురువులైన లావోజి, జువాంగ్‌జిల మార్మికతేనని 1932లోనే ఒక లేఖలో చెప్పాడు. 'లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్' నాటకం రాసింది ఆ ఇంట్లోనే. అందులో తల్లీ తండ్రీ ఇద్దరు కొడుకులూ ఒకరినొకరు నిందించుకుంటారు, మరుక్షణమే అదే నోటితో క్షమించమంటారు. ప్రేమ ద్వేషంలోకి, ద్వేషం ప్రేమలోకి తిరిగే ఆ చక్రంలో నాకు కనిపించేది యిన్-యాంగే, అంటే ఒకదానిలోకి ఒకటి మారుతూ ఉండే తావో జంట శక్తులే.

ఇక బ్రెక్ట్. 'ది గుడ్ పర్సన్ ఆఫ్ సెచువాన్'లో చైనా పేర్లు తప్ప ఏమీ లేదన్నారు మీ వ్యాసకర్త. నీళ్లమ్ముకునే వాంగ్ దేవతలకు చదివి వినిపించే ఘట్టాన్ని ఆయన చూడలేదా? సన్నగా ఉన్న చెట్టును కుక్కల గూళ్ల కోసం కొడతారు. కాస్త లావెక్కితే శవపేటికలకు, ఇంకా పెరిగితే దూలాలకు. పనికొచ్చే ఏ చెట్టూ నిండా బతకదు. ఇది జువాంగ్‌జి చెప్పిన కథ. అడిగిన వారికల్లా అన్నమూ నీడా ఇచ్చిన నాటక నాయిక షెన్ తెకు జరిగింది సరిగ్గా ఇదే. అందరికీ పనికొచ్చింది కనుకనే అందరూ కలిసి ఆమెను నరికారు. నాటకానికి వెన్నెముకే అది. దాన్ని పూత అంటే ఎలా?

అసలు ఈ పుస్తకాలు చదువుదామంటే దొరికేది ఎక్కడ? ఇంటి పన్నుతో పాటు ఏటా గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మా ఊరి గ్రంథాలయంలో బ్రెక్ట్ నాటకాలు అడిగితే పోటీ పరీక్షల గైడ్ల బీరువా చూపించారు. నాటక విభాగాన్ని ఎప్పుడో అటక ఎక్కించారట. పత్రికల్లోనూ నాటకానికి ఒకప్పుడు ఉన్న చోటు లేదు. ఎప్పుడో ఒకసారి వచ్చే వ్యాసమైనా మూలం చదివిన వారితో రాయించకపోతే కొత్తగా చదివే పిల్లలు దాన్నే నిజమనుకుంటారు.

మీ వ్యాసంలో మరొక పొరపాటు. 'లాంగ్ డేస్ జర్నీ' రచయిత బతికుండగానే రంగస్థలం ఎక్కిందని రాశారు. ఓనీల్ 1953లో చనిపోయాడు. నాటకం తొలిసారి స్టాక్‌హోమ్‌లో ప్రదర్శించింది 1956లో. కనీసం ఈ ఒక్కటైనా వచ్చే ఆదివారం సవరించండి.

- ఒక నాటకాభిమాని, రాజమహేంద్రవరం