పిల్లల ట్రిప్ మార్చేశాం, ఎందుకో చెబుతున్నాను

దసరా తర్వాత నాలుగు రోజులు మా ట్రావెల్స్ ఆఫీసు షట్టర్ వేసి ఉంది. ఫోన్ చేసినవాళ్లకు ఊర్లో లేమని మాత్రమే చెప్పాం. నాలుగేళ్లుగా మీకు అమ్ముతున్న ట్రిప్‌కే మేమూ పోయాం. బండి మా ఆయన నడిపాడు. నేను మా ఇద్దరు పిల్లలతో, మా ఆడబిడ్డ కూతురితో వెనక సీట్లలో కూర్చున్నాను. బుకింగులు తీసుకోవడమే తప్ప నేను ఎప్పుడూ ఆ సీట్లో కూర్చున్నదాన్ని కాదు.

ఈ వానాకాలంలో మూడు కుటుంబాలు తిరిగొచ్చాక నాకు ఫోన్ చేశాయి. రెండు రోజులూ పిల్లల ఏడుపుతోనే సరిపోయిందన్నారు. అందులో ఒకామె, "డబ్బుల కోసం కాదమ్మా, మా బాబు ఇప్పుడు బండెక్కుదామంటేనే వద్దంటున్నాడు" అంది. "చిన్నపిల్లలతో పోతే ఇవన్నీ మామూలేనండీ" అన్నాను నేను. అలా అనకుండా ఉండాల్సింది. ఆమె ఇంకేం మాట్లాడకుండా ఫోన్ పెట్టేసింది.

మా పాత ప్లాన్ మీలో చాలామందికి తెలుసు. హనుమకొండలో పొద్దున ఐదింటికి బయల్దేరి వేయిస్తంభాల గుడి, రామప్ప, లక్నవరం చూసి రాత్రికి తాడ్వాయి కాటేజీలు చేరడం. మర్నాడు మేడారం, బొగత జలపాతం చూసుకుని రాత్రి పదికి ఇల్లు. రెండు రోజుల్లో ఐదు చోట్లు. వినడానికి బాగుంటుంది, అందుకే అమ్ముడుపోయింది.

ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర మా చిన్నోడు వాంతి చేసుకున్నాడు. ఐదేళ్ల పిల్లాడిని నాలుగున్నరకు లేపి, ఖాళీ కడుపు మీద ఇన్ని పాలు తాగించి బండెక్కించింది నేనే. రామప్ప చేరేసరికి వాడికి నడిచే ఓపిక లేదు. గుడి దగ్గర చెప్పులు విడవాలి కదా. అక్టోబరు ఎండకే బయటి రాతి బండలు కాలుతున్నాయి. కాళ్లు కాలి పిల్లలు గంతులేసుకుంటూ లోపలికి పరిగెత్తారు. లోపల మాత్రం చల్లగా ఉంది.

బయటకొచ్చాక మా పెద్దది చూరు కింద ఉన్న ఒక మదనిక (నాట్యకత్తె) బొమ్మ ముందు ఆగిపోయింది. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న బొమ్మ అది. "అమ్మా, ఈమెకు చెప్పులున్నాయి!" అని దాని కాళ్ల వైపే చూస్తూ నిలబడింది. 1213లో, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గోపురం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికని చెబితే, పిల్లలు ఆ ఇటుకను బకెట్లో వేసి చూడాలన్నారు. అలాంటి ప్రశ్నలు వచ్చే చోట మా ప్లాన్‌లో పెట్టింది గంట. మా ఆయన గడియారం చూసుకుంటూ "పదండి, పదండి" అంటుంటే, నాలుగేళ్లుగా మా డ్రైవర్లు మీ పిల్లలను ఇలాగే తరిమారని నాకు అర్థమైంది.

లక్నవరం చేరేసరికి నాలుగు దాటింది. వేలాడే వంతెన మధ్యలో అది ఊగుతుంటే చిన్నోడు కూర్చుండిపోయి లేవనన్నాడు. వెనకాల జనం. ఎత్తుకుని దాటించాం. అసలు ఆ చెరువు ఒక పూట తీరిగ్గా ఉండాల్సిన చోటు. తాడ్వాయి చేరేసరికి చీకటి పడింది, ముగ్గురూ తిండి లేకుండా బండిలోనే నిద్రపోయారు. రాత్రి భోజనం ముందే చెప్పి పెట్టుకోవాలన్న సంగతి మీకు చెప్పే నేను, నా పిల్లలకే మర్చిపోయాను. సద్దుల బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు డబ్బాలో మిగిలి ఉంటే, నిద్రలేపి అవే తినిపించాను.

మర్నాడు పొద్దున కాటేజీ ముందు ముగ్గురూ నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఏమిట్రా అని వెళ్లి చూస్తే, నేల దాకా వంగిన ఒక కొమ్మ మీద ఎర్రచీమలు ఆకులు కలిపి గూడు కుడుతున్నాయి. వరసగా నిలబడి రెండు ఆకుల అంచులు పట్టుకుని దగ్గరకు లాగుతున్నాయి. మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరుచుకుని అటూ ఇటూ తిప్పుతుంటే వాటి నుంచి తెల్లటి దారం వచ్చి ఆకులు అంటుకుంటున్నాయి. గంటకు పైగా చూశారు. టిఫిన్ తినమన్నా లేవలేదు. తొమ్మిదికి బొగతకు బయల్దేరాలి. "ఇంకొక్క రోజు ఇక్కడే ఉందాం అమ్మా" అని చిన్నోడు నా కొంగు పట్టుకున్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. బండి తాళం గోడ మేకుకు తగిలించాడు. ఆ రోజు మధ్యాహ్నం మేడారం పోయి సమ్మక్క, సారలమ్మ గద్దెలు మొక్కి వచ్చాం, అంతే. దారిలో తంగేడు పూలు కనిపించిన ప్రతి చోటా బండి ఆపాం.

ఇక మార్పులు. పిల్లల ట్రిప్ ఇప్పటి నుంచి రెండు రాత్రులు, మూడు రోజులు. చూసేవి మూడే: రామప్ప, లక్నవరం, తాడ్వాయి–మేడారం. బయల్దేరేది ఏడున్నరకు, పిల్లలు తిన్నాక. రామప్పలో ఎండ ముదరకముందే దిగి రెండు గంటలు ఉంటాం. పిల్లలకు మందపాటి సాక్సులు తెచ్చుకోండి. బొగతను ఇందులోంచి తీసేశాం. అది వాజేడు మండలంలో, గోదావరి అవతల ఉంది, హనుమకొండ నుంచి ఒకవైపే 140 కిలోమీటర్ల దాకా అవుతుంది. పెద్దపిల్లలున్నవాళ్లకు విడిగా వేస్తాం. వానలు ముదిరి అక్కడికి ఎవరినీ పోనివ్వని రోజుల్లో మీ డబ్బు మీకు తిరిగి ఇస్తాం. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే నెలలో ఈ దారిలో పిల్లల ట్రిప్ వేయం.

ఇంకొకటి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. మా రెండు బండ్లలోనూ వెనక సీట్లకు బెల్టులున్నాయి. సీటు కవర్లు అందంగా ఉండాలని వాటిని కిందికి తోసేసి కుట్టించాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచండి, సడన్ బ్రేక్ పడినప్పుడు నా కూతురు ముందు సీటు రాడ్డుకు గుద్దుకుని పెదవి చిట్లింది. తిరిగొచ్చిన మర్నాడే కవర్లు కోయించి బెల్టులు బయటికి తీయించాం. చంటిపిల్లల కోసం బిగించే సీట్లు రెండు కొన్నాం. వాటికి అద్దె తీసుకోం.

ధర పెరుగుతుంది, అది దాచను. బండి ఒక రోజు ఎక్కువ తిరుగుతుంది, డ్రైవర్ బత్తా, ఇంకో రాత్రి కాటేజీ ఖర్చు ఉంటాయి. పన్నెండు సీట్ల బండికి ఇదివరకు 14,500 తీసుకునేవాళ్లం, ఇప్పుడు 18,000. కాటేజీ అద్దె మీరే నేరుగా కట్టుకోవాలి, అందులో మాకు కమిషన్ లేదు.

ఫోన్ చేసిన ఆ మూడు కుటుంబాల్లో ఇద్దరికి సగం డబ్బు తిరిగి పంపాను. మూడో ఆమె, బాబు బండెక్కనంటున్నాడని చెప్పినామె, ఇంకా ఫోన్ ఎత్తలేదు. ఈ ఆదివారం మా పిల్లలను తీసుకుని వాళ్లింటికి పోతున్నాను.