పీజీ ఫీజు దగ్గరే ఆగిపోతున్న మా జిల్లా పిల్లలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. ఇక్కడ చిన్న నెట్ సెంటర్, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. చుట్టుపక్కల పిల్లల అప్లికేషన్లు, హాల్‌టికెట్లు, కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు చాలావరకు మా దగ్గరే చేయించుకుంటారు కాబట్టి ఎవరు ఏం చదవాలనుకుంటున్నారో, ఎక్కడికొచ్చి ఆగిపోతున్నారో నాకు కొంత తెలుస్తుంది. ఇంజనీరింగ్ ఫీజులు, మెడికల్ సీట్లు, అమెరికా వీసాల గురించి పేపర్లలో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, రావాలి కూడా. ఎంఎస్సీ, ఎంఏ, ఎంకాం చదవాలనుకునే పిల్లల ఫీజు గురించి మాత్రం రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 తర్వాత ప్రైవేట్ కాలేజీల్లో పీజీ చేరేవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. యూనివర్సిటీ క్యాంపస్‌లోనో, ప్రభుత్వ కాలేజీలోనో సీటు వస్తేనే ఫీజు వస్తుంది. డిగ్రీ ప్రైవేట్ కాలేజీలో చదివినా అర్హత ఉంటే ప్రభుత్వం కడుతుంది, అదే పిల్లాడు అదే కాలేజీ పై అంతస్తులో ఎంఎస్సీలో చేరితే కట్టదు. ఈ తేడా ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చాలామంది తల్లిదండ్రులకైతే ఇలాంటి జీవో ఒకటుందని కూడా తెలియదు, సీటు వచ్చాకే తెలుస్తుంది.

యూనివర్సిటీలోనే చేరొచ్చు కదా అని దూరంగా ఉన్నవాళ్లు అంటారు. చేరాలనే అందరికీ ఉంటుంది. 2021 నుంచి రాష్ట్రం మొత్తానికి ఒకటే ఎంట్రన్స్, ఏపీ పీజీసెట్. మా దగ్గరికి వచ్చే పిల్లలు ఆప్షన్లు పెట్టేటప్పుడు ముందు ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీ, ఆ తర్వాత విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ పెట్టమంటారు. కెమిస్ట్రీ వాళ్లలో ఎక్కువమంది ఆర్గానిక్ కెమిస్ట్రీయే అడుగుతారు, పైడిభీమవరం ఫార్మా కంపెనీలు దగ్గర్లో ఉన్నాయి కదా, దాని మీదే వాళ్ల ఆశ. కానీ క్యాంపస్‌లో సీట్లు ఎన్నుంటాయి? మంచి ర్యాంకులకే అవి అయిపోతాయి, మధ్య ర్యాంకు వచ్చినవాళ్లకి మిగిలేది ప్రైవేట్ కాలేజీలే. పైగా ఇచ్ఛాపురం, కంచిలి వైపు పిల్లలకి ఎచ్చెర్ల అంటే వంద కిలోమీటర్ల పైమాటే, హాస్టల్లో ఉండక తప్పదు. ఆడపిల్లని అంతదూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ఆ అమ్మాయికి దగ్గర్లోని ప్రైవేట్ కాలేజీ ఒక్కటే దారి.

కిందటి కౌన్సెలింగ్ టైములో నందిగాం మండలం నుంచి ఒక అబ్బాయి వాళ్ల నాన్నతో వచ్చాడు. బీఎస్సీలో మంచి మార్కులు, ప్రాక్టికల్స్‌లో ఇంకా మంచివి. అలాట్‌మెంట్ లెటర్ ప్రింట్ తీసి ఇస్తే వాడు కాలేజీ పేరు చూశాడు, వాళ్ల నాన్న కింద అంకె చూశాడు. 35 వేల పైచిలుకు. "ఇది మనం కట్టాలా బాబూ? డిగ్రీకి గవర్మెంటే ఇచ్చింది కదా" అన్నాడాయన. క్యాంపస్‌లో అయితే ఇస్తారు, ఇక్కడైతే ఇవ్వరు అని చెప్పాను. "అంటే మావోడు పాసవలేదా?" అని అడిగాడు. పాసయ్యాడు, ర్యాంకు కూడా వచ్చింది, కానీ రూలు అలా ఉంది అని నేనెంత చెప్పినా ఆయనకి నమ్మకం కుదరలేదు. కొడుకు ఏదో తక్కువ చేశాడనే అనుకున్నాడు. ఆ అబ్బాయి తలెత్తలేదు. ప్రింటుకి డబ్బులు వద్దన్నా అక్కడ పెట్టి వెళ్లిపోయారు. వాడు ఆ కాలేజీలో చేరలేదు, ఇప్పుడు చెన్నైలో ఏదో గోడౌన్‌లో చేస్తున్నాడని వాళ్ల ఊరి పిల్లలు చెప్పారు.

35 వేలు ఒక లెక్కా అని ఎవరైనా అనుకుంటే ఒక్క మాట. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. 100 రోజులూ పని దొరికి, మొత్తం కూలి చేతికొచ్చినా 30,700. అంటే ఒక మనిషి ఎండలో మట్టి మోసి సంపాదించిన ఆ డబ్బు మొత్తం పట్టుకెళ్లి కట్టినా ఒక ఏడాది ఫీజుకి చాలదు. అలాంటివి రెండేళ్లు. దాని మీద పరీక్ష ఫీజు, రికార్డులు, పుస్తకాలు, మెస్ బిల్లు లేదా రూము అద్దె. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది, దానివల్ల అమ్మాయిలకి రోజూ వెళ్లొచ్చే ఖర్చు తగ్గింది, చాలా మంచి పని. మరి అంత ఖర్చు పెట్టి బస్సు ఎక్కించినప్పుడు కాలేజీ గేటు దగ్గర ఫీజు కోసం ఆపేస్తే ఎలా?

బ్యాంకు లోన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇచ్చే సలహా అదే. 4 లక్షల లోపు ఎడ్యుకేషన్ లోన్‌కి తాకట్టు అడగకూడదని రూలు ఉంది. అయినా మా దగ్గర పోర్టల్‌లో అప్లై చేసుకుని బ్రాంచికి వెళ్లిన పిల్లలు తిరిగొచ్చి చెప్పేది ఒకటే: పొలం కాగితాలు ఉన్నాయా, మీ నాన్నకి జీతం స్లిప్ ఉందా, ఎంఎస్సీ చేస్తే ఉద్యోగం వస్తుందని గ్యారంటీ ఏమిటి అని అడుగుతారట. ఒక బ్రాంచిలో అయితే 70 వేల లోన్‌కి కూడా ఇంత పేపర్ వర్క్ చేయాలా, ఎక్కడైనా చేబదులు తీసుకోండి అన్నారట. చేబదులు అంటే మా దగ్గర నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ. అమెరికాలో ఎంఎస్‌కి 30, 40 లక్షల లోన్ కావాలంటే ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చుకునేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు, వాళ్లకి ఇల్లుంది కాబట్టి దొరుకుతుంది.

కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది. తాకట్టు లేదు, హామీదారు అక్కర్లేదు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ. చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. తర్వాత చూస్తే అది దేశం మొత్తంలో జాతీయ ర్యాంకుల్లో పైనున్న సంస్థలు, కేంద్ర సంస్థలు కలిపి మొదలుపెట్టినప్పుడు 860 వాటికి. మా పిల్లలు చేరే చిన్న అనుబంధ కాలేజీలు ఆ ర్యాంకుల దరిదాపుల్లో కూడా ఉండవు. యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ వాళ్ల పీజీ స్కాలర్‌షిప్ నెలకి 15 వేలు, ఏడాదికి 10 నెలలు ఇస్తారు, వస్తే చదువు నిశ్చింతగా అయిపోతుంది. కానీ దేశం మొత్తానికి 10 వేల మందికే. అప్లై చేయమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. కానీ దాన్ని నమ్ముకుని ఫీజు కట్టేయమని ఏ తండ్రికి చెప్పగలను?

జీవోని సమర్థించేవాళ్లు ఒక మాట అంటారు. కొన్ని ప్రైవేట్ పీజీ కాలేజీల్లో క్లాసులు జరగవు, లెక్చరర్లు ఉండరు, ల్యాబ్ తాళం తీయరు, రీయింబర్స్‌మెంట్ కోసమే పేర్లు రాయించుకుంటారు అని. అది పూర్తిగా అబద్ధమని నేను అనను, అలాంటివి నాకూ తెలుసు. అయితే దానికి యూనివర్సిటీ వాళ్లు ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లాలి, హాజరు బయోమెట్రిక్ పెట్టాలి, ల్యాబ్ లేని కాలేజీకి అఫిలియేషన్ (యూనివర్సిటీ గుర్తింపు) ఆపాలి. తప్పు చేసిన కాలేజీ ఈరోజుకీ బోర్డు పెట్టుకుని అడ్మిషన్లు తీసుకుంటూనే ఉంది, డబ్బులున్నవాడు అందులో చేరుతూనే ఉన్నాడు. శిక్ష పడింది డబ్బుల్లేని పిల్లలకి.

ఇంకో ఇబ్బంది ఉంది, ఇది పేపర్లలో అప్పుడప్పుడు వస్తున్నదే. డిగ్రీ ఫీజు బకాయి ప్రభుత్వం నుంచి కాలేజీకి రాకపోతే కాలేజీ వాళ్లు టీసీ, మార్కుల మెమోలు ఇవ్వరు. ముందు మీరు కట్టండి, గవర్మెంటు డబ్బు పడ్డాక తిరిగిస్తాం అంటారు. పీజీలో రిపోర్ట్ చేయడానికి నాలుగైదు రోజులే టైము, ఒరిజినల్స్ లేకపోతే సీటు పోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసి ఒకమ్మాయికి ఇచ్చి కాలేజీలో చూపించమన్నాను. చూపించడానికి భయపడింది.

పీజీ లేకపోతే ఏం పోతుంది అంటారా? ఫార్మాలో బీఎస్సీ వాడిని ఎక్కువగా ప్రొడక్షన్‌లో షిఫ్టులకి తీసుకుంటారు, ఎంఎస్సీ ఉంటే మందుల నాణ్యత పరీక్షించే క్యూసీకో, పరిశోధన చేసే ఆర్ అండ్ డీకో వెళ్లే అవకాశం ఉంటుంది. జీతం సంగతి అటుంచండి, రియాక్టర్ పక్కన రాత్రి షిఫ్టుకీ ల్యాబ్‌లో పనికీ ఒంటి మీద పడే తేడా పైడిభీమవరంలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. జూనియర్ లెక్చరర్ పోస్టుకి పీజీ ఉండాలి. మూడేళ్ల డిగ్రీ చదివినవాళ్లు యూజీసీ, సీఎస్ఐఆర్‌ల నెట్ పరీక్ష రాయాలన్నా పీజీ కావాలి, అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు కేంద్రమే ఇచ్చి పీహెచ్‌డీ చదివిస్తుంది. అక్కడిదాకా వెళ్లగలిగిన పిల్లలు మా జిల్లాలో లేక కాదు, మధ్యలో ఈ రెండేళ్ల ఫీజు కట్టలేక.

జీవో 77 రద్దు చేస్తామని యువగళం పాదయాత్రలో నారా లోకేశ్ గారు చెప్పారు. ఇప్పుడు విద్యాశాఖ ఆయన దగ్గరే ఉంది. ఆ మాట నమ్మి ఓటేసిన డిగ్రీ పిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్ల తరఫున అడుగుతున్నాను. రాష్ట్రమంతా ఒకేసారి చేయడం కష్టమైతే శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం లాంటి వెనకబడ్డ జిల్లాల్లో, కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్ ద్వారా, పీజీసెట్ ర్యాంకుతో చేరినవాళ్లకి ముందు ఇవ్వండి.

ఇంకొకటి, ఇది డిపార్ట్‌మెంట్ వాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. ఏ నిర్ణయమైనా వెబ్ ఆప్షన్లు మొదలవ్వకముందే చెప్పండి. క్లాసులు మొదలయ్యాక ఆర్డర్ వస్తే అప్పటికే ఫీజుకి భయపడి ఆప్షన్లే పెట్టని పిల్లలకి అది దేనికీ పనికిరాదు. పీజీసెట్ నోటిఫికేషన్‌లోనే ఏ కాలేజీకి రీయింబర్స్‌మెంట్ ఉంది, దేనికి లేదు, చేతి నుంచి ఎంత కట్టాలి అన్నది తెలుగులో స్పష్టంగా ఇస్తే మా షాపుకి వచ్చే తల్లిదండ్రులు కూడా ఆ కాగితం చదువుకుని పిల్లలతో మాట్లాడి నిర్ణయం తీసుకుంటారు.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా