మీ హిచ్ నా డిక్కీ అడుగుని పైకి ఎత్తేసింది

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: 1966 ఎంజీబీ రోడ్‌స్టర్‌కి మీ దగ్గర కొన్న వెనుక హిచ్ (ట్రైలర్ లాగడానికో, సైకిల్ ర్యాక్ తగిలించడానికో కారు వెనుక కింద బిగించే ఉక్కు అమరిక) కిట్ వల్ల జరిగిన నష్టం, సొమ్ము వాపసు, మీ ప్రకటనలో తప్పులు.

అయ్యా / అమ్మా,

ఈ విషయం మీద మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ ఈమెయిల్‌లో నాలుగేసి లైన్లు రాశాను. మీ నుంచి రెండేసి లైన్ల జవాబు వచ్చింది. ఈసారి తీరిగ్గా, మొదటి నుంచి రాస్తున్నాను. దయచేసి దీన్ని ఫోన్ ఎత్తే వాళ్ల దగ్గరే ఆపకుండా, ఆ కిట్ డిజైన్ చేసిన వాళ్ల బల్ల మీదికి చేర్చండి.

నా ఎంజీబీ రెండు సీట్ల పాత బ్రిటిష్ కారు. నాకూ నా భార్యకీ చెరో సైకిల్ ఉంది. ఊరి బయటి దాకా కారులో వెళ్లి, అక్కడి నుంచి సైకిళ్ల మీద తిరగాలని మా సరదా. ఇంతకు ముందు డిక్కీ మూతకి బెల్టులతో కట్టే ర్యాక్ వాడేవాళ్లం. దాని కొక్కేలు మూత అంచుని వంచేశాయి, దాని రబ్బరు కాళ్లు పెయింట్ మీద నాలుగు మచ్చలు పెట్టాయి. అందుకే కింద నుంచి బలంగా పట్టుకునే హిచ్ పెట్టిస్తే కారు ఒంటి మీద గీత పడదనుకున్నాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డాననే సంగతి ఆలస్యంగా తెలిసింది.

మీ ప్రకటనలో మూడు మాటలున్నాయి. “1962 నుంచి 1980 వరకు అన్ని ఎంజీబీలకూ సరిపోతుంది.” “డ్రిల్లింగ్ అక్కర్లేదు.” “క్లాస్ 1, 907 కిలోల సామర్థ్యం.” (క్లాస్ 1 అంటే హిచ్‌లలో అన్నిటికన్నా తేలిక రకం.) మొదటి రెండూ అబద్ధం. మూడోది నిజమే కావచ్చు, కానీ సైకిళ్లు మోయడానికి కొనేవాడికి దాంతో పనే లేదు. నా అసలు ఫిర్యాదు ఆ మూడో మాట మీదే. ముందు మిగతా రెండూ చెప్పేస్తాను.

1974లో ఎంజీబీకి క్రోమ్ బంపర్లు తీసేసి నల్లటి పెద్ద రబ్బరు బంపర్లు పెట్టారు. అదే సమయంలో కారు ఎత్తు కూడా పెంచారు. బంపర్ మారితే దాన్ని పట్టుకునే బ్రాకెట్లూ మారతాయి. మీ హిచ్ ఆ బంపర్ బోల్టుల ఆధారంగానే నిలబడుతుంది కాబట్టి ఒకే బ్రాకెట్ రెండు రకాల కార్లకూ ఎలా కుదురుతుందో నాకు అర్థం కాలేదు. కిట్‌తో వచ్చిన కాగితంలో బొమ్మలన్నీ రబ్బరు బంపర్ కారువే. నాది క్రోమ్ బంపర్. బ్రాకెట్‌కీ కారుకీ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. ఫోన్ చేస్తే “వాషర్లు పేర్చండి” అన్నారు. పేర్చాం. ఎనిమిది వాషర్లు పట్టాయి.

ఇక డ్రిల్లింగ్. అక్కర్లేదన్న కాగితంలోనే ఆరో అంచెలో “డిక్కీ అడుగున రెండు రంధ్రాలు వేయండి” అని ఉంది. అది చదివి నవ్వుకున్నాను. కొలతలు తీసి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టాక నవ్వు పోయింది. కుడి వైపు రంధ్రం సరిగ్గా పెట్రోల్ ట్యాంకు నెత్తిన పడింది! ఎంజీబీకి ట్యాంకు డిక్కీ అడుగు కిందే, రేకుకి ఆనుకుని ఉంటుంది. ఈ కారు మీద ఒకసారి చేయి పెట్టిన మెకానిక్ ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. మీ కాగితంలో ట్యాంకు అన్న మాటే లేదు. మా మెకానిక్ పాత కార్లతోనే తల నెరిసిన మనిషి కాబట్టి సరిపోయింది. డ్రిల్ పక్కన పడేసి, పెట్రోలంతా తోడి, ట్యాంకు దించి పక్క షెడ్డులో పెట్టాకే మళ్లీ కారు దగ్గరికి వచ్చాడు. కొత్తగా కొన్నవాడెవడో ఆదివారం పూట ఒంటరిగా, మీ కాగితాన్ని నమ్మి డ్రిల్ నొక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మీకు ఈ సంగతి చెబితే “అయితే రెండంగుళాలు ఎడమకి జరపండి” అని జవాబిచ్చారు.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. అక్కడే ఆగి కిట్ వెనక్కి పంపేసి ఉండాల్సింది. ట్యాంకు ఎలాగూ దించాం కదా, పని పూర్తి చేద్దామనిపించింది. ఆ తప్పు నాది. మిగతావి మీవి.

హిచ్‌కి తగిలించిన మీ సైకిల్ ర్యాక్ బరువు 17 కిలోలు, సైకిళ్లు ఒక్కోటి 14. మొత్తం 45 కిలోలు. ఒక మనిషి బరువు కూడా కాదు. మొదటి రోజు సుమారు నలభై కిలోమీటర్లు వెళ్లాం. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా వెనుక నుంచి రేకు మూలిగినట్టు ‘టక్’మని చప్పుడు వచ్చింది. అద్దంలో చూస్తే సైకిళ్లు తల ఊపుతున్నాయి. స్టీరింగ్ మరీ తేలిగ్గా, కారు ముందు భాగం ఎవరో పైకి ఎత్తి పట్టుకున్నట్టుగా అనిపించింది. దిగి చూసేసరికి ర్యాక్ వెనక్కి వాలి ఉంది. డిక్కీ తెరిచి కార్పెట్ ఎత్తితే, రెండు బోల్టుల చుట్టూ అడుగు రేకు పైకి ఉబ్బి, పెయింట్ పెచ్చులు లేచి ఉంది.

బరువు వేలాడేది కిందికి కదా, రేకు పైకి ఎందుకు ఉబ్బిందని నా భార్య అడిగింది. మీ సాంకేతిక విభాగాన్ని కూడా నేను అదే అడిగాను. వాళ్లు జవాబివ్వలేదు కాబట్టి నేనే చెబుతాను.

గడ్డపారతో బండ పెకలించడం చూసే ఉంటారు. పార మధ్యలో ఎక్కడో ఒక రాయి ఆనిస్తారు. పొడుగు కొస మీద మనిషి కాస్త బరువు మోపితే, పొట్టి కొస దగ్గర పెద్ద బండ కదులుతుంది. మీ హిచ్ అచ్చంగా ఆ గడ్డపారే. దాని వెనుక ఆనిక బంపర్ బోల్టుల దగ్గర, ముందు కొస డిక్కీ అడుగున మీరు వేయించిన రంధ్రాల దగ్గర. రెండింటికీ మధ్య దూరం 15 సెంటీమీటర్లు. సైకిళ్ల బరువు కేంద్రం ఆ బంపర్ బోల్టుల నుంచి 55 సెంటీమీటర్ల వెనుక ఉంది, టేపు పెట్టి కొలిచాను. లెక్క కష్టమేం కాదు. 45ని 55తో గుణించి 15తో భాగిస్తే 165 వస్తుంది. అంటే కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడే హిచ్ ముందు కొస డిక్కీ రేకుని 165 కిలోల బరువుతో పైకి నెడుతోంది. బంపర్ బోల్టులని 210 కిలోల బరువుతో కిందికి లాగుతోంది. చక్రం గుంటలో పడ్డప్పుడు ఇవి రెట్టింపు కావడం పెద్ద విశేషం కాదు.

ఆ తోపుడంతా దేని మీద పడిందంటే, ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం ఉన్న రేకు మీద, రూపాయి బిళ్లంత వాషర్ అడ్డం పెట్టి. రేకు కింది వైపున అరచేయంత వెడల్పు ఉక్కు పలక ఒకటి పెట్టి ఉంటే బరువు పరుచుకునేది. కారు అడుగున పెట్టె ఆకారంలో, లోపల డొల్లగా ఉండే రేకు పట్టీ గుండా బోల్టు వెళ్లే చోట లోపల గొట్టం ముక్క ఒకటి దూర్చి ఉంటే, బిగించినప్పుడు పట్టీ నలిగిపోయేది కాదు. ఇవి రెండూ మీ కిట్‌లో లేవు. ఎడమ వైపు పట్టీ మా మెకానిక్ బిగిస్తుండగానే అప్పడంలా నొక్కుకుపోయింది.

మీ కాగితం మాటిమాటికీ “ఛాసిస్‌కి బిగించండి” అంటుంది. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదండీ, అంటే బాడీ కింద వేరే ఉక్కు చట్రం లేదు. దీనికి ముందొచ్చిన ఎంజీఏకి ఉండేది. ఎంజీబీ మోనోకాక్, వంచి అతికిన రేకే దానికి ఎముకల గూడు. పైగా దాదాపు అరవై ఏళ్ల నాటి రేకు. అలాంటి కారుకి హిచ్ తయారు చేసేవాళ్లు బరువు ఏ రేకు మీద ఎలా పడుతుందనే దానితోనే డిజైన్ మొదలుపెట్టాలి.

ఇప్పుడు మూడో మాట. నా రెండో ఈమెయిల్‌కి మీ జవాబు ఇది: “907 కిలోలు లాగగల హిచ్‌కి 45 కిలోలు ఒక లెక్క కాదు, బిగించడంలో లోపం ఉండి ఉంటుంది.” ఆ 907 కిలోలు, అంటే 2000 పౌండ్లు, చక్రాల మీద నిలబడి వెనకాల దొర్లే ట్రైలర్ లెక్క. ట్రైలర్ బరువులో చాలా భాగాన్ని దాని చక్రాలే మోస్తాయి, హిచ్ పని ముఖ్యంగా లాగడమే. హిచ్ మీద నిట్టనిలువుగా మోపగల బరువు వేరే. క్లాస్ 1కి అది 200 పౌండ్లు, సుమారు 90 కిలోలు. అది కూడా బరువు హిచ్‌కి దగ్గరగా ఉంటేనే. నీళ్ల బకెట్ ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చేయి బారచాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా మీకు నేను చెప్పాలా? సైకిల్ ర్యాక్ ఎప్పుడూ బారచాచిన చేయే. దానికి చక్రాలు ఉండవు. కాబట్టి సైకిళ్లు మోసేవాడికి కావాల్సినవి రెండే: నిలువు బరువు ఎంత, ఎంత దూరం వరకు. ఆ రెండూ మీ ప్రకటనలో లేవు, కాగితంలో లేవు, హిచ్ మీద అంటించిన స్టిక్కర్‌లోనూ లేవు. పనికిరాని అంకె మాత్రం మూడు చోట్లా పెద్ద అక్షరాల్లో ఉంది.

స్టీరింగ్ ఎందుకు తేలికైందో కూడా అప్పుడే లెక్క వేశాను. రెండు ఇరుసుల మధ్య దూరం 2.31 మీటర్లు. సైకిళ్లు వెనుక ఇరుసుకి దాదాపు 1.5 మీటర్ల వెనుక ఉన్నాయి. దాంతో ముందు చక్రాల మీంచి 29 కిలోలు పోయి, వెనుక చక్రాల మీద 74 కిలోలు పడ్డాయి. కావడిలో ఒక వైపు కుండ పెరిగితే రెండో వైపు లేచిపోయినట్టే. టన్ను కూడా లేని కారులో ఆ తేడా చేతికి తెలుస్తుంది. వెనుక కమాన్ పట్టీలు కుంగి, హిచ్ నేలకి మరింత దగ్గరై, మా గేటు ర్యాంపు ఎక్కేటప్పుడు రాసుకుంది కూడా. ఇది మీ తప్పని అనను. ఇంత తేలిక కారుకి వెనుక వేలాడదీసిన ఏ బరువైనా అదే చేస్తుంది. కానీ కొనేవాడికి ఒక్క లైను హెచ్చరిక ఉండాలి.

వైరింగ్ సంగతి క్లుప్తంగా. 1967 చివర్లో మార్క్ 2 అనే మార్చిన మోడల్ వచ్చేదాకా ఎంజీబీలకి పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. నాది అలాంటి కారే. మీ లైట్ బోర్డు (ర్యాక్ వెనుక పెట్టే లైట్ల పలక) వైర్లని కారు వైర్లకి కలిపే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే కన్వర్టర్‌లోని తెల్ల వైరుని “బాడీకి కలపండి” అని రాశారు, కలిపాం. కన్వర్టర్ ఒకసారి పొగ వదిలి చల్లబడిపోయింది. మామూలు బల్బుకి ప్లస్ ఎటున్నా ఒకటే, ఎలక్ట్రానిక్ పెట్టెకి కాదు. “1962 నుంచి” అని అమ్మేవాళ్లకి ఈ సంగతి తెలిసి ఉండాలి కదా. మీ ర్యాక్‌లో లోపలి సైకిల్ టైరు సైలెన్సర్ గొట్టానికి సూటిగా వెనుక వచ్చింది. నలభై కిలోమీటర్లకే ఒక పక్క మెత్తబడి నల్లగా కమిలిపోయింది. ఆ టైరు డబ్బులు అడగను, నేను చూసుకుని ఉండాల్సింది.

బోల్టుల గురించి ఒక మాట. కాగితంలో 8.8 గ్రేడ్ అని ఉంది, అది బోల్టు బలాన్ని చెప్పే అంకె. ఆ గ్రేడ్ బోల్టు తల మీద 8.8 అని అచ్చు పడి ఉంటుంది. మీరు పంపిన ఎనిమిదింటిలో ఆరింటికి ఉంది, రెండింటికి తల నున్నగా ఉంది. ఆ రెండూ వంగాయి. ఫొటోలు జత చేశాను.

నాకు కావాల్సింది చెబుతాను. కిట్ పూర్తి సొమ్ము, డిక్కీ అడుగు రేకు, ఎడమ పట్టీ సరిచేయించిన ఖర్చు, కాలిపోయిన కన్వర్టర్ ధర వాపసు ఇవ్వండి. బిల్లులు జత చేశాను. ట్యాంకు దించి ఎక్కించిన కూలీ కూడా అందులో ఉంది. అది మీ కాగితం చెప్పని పని కాబట్టి మీరే భరించాలని నా అభిప్రాయం. “బిగించడంలో లోపం” అన్న మాట వెనక్కి తీసుకుంటూ రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ మాట పడింది నేనొక్కణ్ణే కాదు, మా మెకానిక్ కూడా.

డబ్బు కన్నా ముందు మీ ప్రకటన మార్చండి. రబ్బరు బంపర్ కార్లకి మాత్రమే అని రాయండి. డ్రిల్లింగ్ ఉందని, ట్యాంకు దించాకే చేయాలని ఎర్ర అక్షరాల్లో పెట్టండి. 907 తీసేసి నిలువు బరువు, దూరం రాయండి. పాజిటివ్ ఎర్త్ కార్లకి కన్వర్టర్ పనికిరాదని చెప్పండి. ఇందులో మీకు పైసా ఖర్చు లేదు. ఈ ఉత్తరం రాసే ముందు మళ్లీ చూశాను, “డ్రిల్లింగ్ అక్కర్లేదు” ఇంకా అలాగే ఉంది. అది ఉన్న ప్రతి రోజూ ఎవరో ఒకరు ట్యాంకు మీద చాక్‌పీస్ గుర్తు పెడుతున్నారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లోగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బెదిరింపు అనుకోకండి, తేదీ ముందే చెప్పడం మర్యాదని చెబుతున్నాను.

హిచ్‌ని విప్పి, తుడిచి, మీరు పంపిన అట్టపెట్టెలోనే సర్ది ఉంచాను. మనిషిని పంపితే ఇచ్చేస్తాను. ఎనిమిది వాషర్లు మావి, అవి తీసేశాను. తల నున్నగా ఉన్న ఆ రెండు బోల్టులు మాత్రం ఈ వ్యవహారం తేలేదాకా నా దగ్గరే ఉంటాయి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జత: బిల్లులు, ఫొటోలు, మన మధ్య నడిచిన ఈమెయిళ్ల ప్రతులు, చాక్‌పీస్ గుర్తులతో మీ కాగితం ఆరో పేజీ.