ప్లాట్లు పెరిగాయి, ఇండ్లు పెరగలేదు

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ నయీంనగర్‌లో మేముండే సందు వెనకాల ఆరు వందల గజాల ఖాళీ జాగా ఉంది. అందులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టడానికి దాని ఓనర్లు అనుమతి తెచ్చుకున్నారు. దాన్ని ఆపించాలని కాలనీ పెద్దలు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టిస్తున్నారు. మా గడపకూ వచ్చారు. మేం కిరాయికి ఉంటున్నామని తెలిసి, "మీది అక్కర్లేదులే అమ్మా, ఓనర్‌తో పెట్టించుకుంటాం" అని వెళ్లిపోయారు. అడిగినా నేను పెట్టేదాన్ని కాదు. ఎందుకో అక్కడ చెప్పే వీలు దొరకలేదు, అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సును. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమస్తా. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఇక్కడికొచ్చి 14 ఏళ్లయింది. ఇది మా ఆరో ఇల్లు. పోయినసారి ఇల్లు ఎందుకు మారామంటే, మేముండే మూడు పోర్షన్ల బిల్డింగును ఓనర్ మొత్తంగా ఒక హాస్టల్‌కు లీజుకిచ్చారు. నెల రోజుల టైమిచ్చారు. ఆ నెలంతా డ్యూటీ దిగగానే టులెట్ బోర్డుల వెంట తిరగడమే పని. కులం అడిగారు. నీసు వండుతారా అని అడిగారు. అత్తమ్మ మంచాన ఉందంటే ఒకరు తలుపు దగ్గరే వద్దన్నారు. నైట్ డ్యూటీలంటే ఇంకొకరు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అది ఓనర్ల బుద్ధి అని అందరూ అంటారు, నిజమే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఒక వాడలో పది పోర్షన్లు ఖాళీగా ఉంటే ఓనరే కిరాయిదారు కోసం వెతుక్కుంటాడు. ఒక్క పోర్షన్‌కు పదిమంది వచ్చి నిలబడితే తనకు నచ్చినవాళ్లను ఏరుకుంటాడు. ఇండ్లు తక్కువైనకొద్దీ ఈ అడగడాలు ఎక్కువవుతాయి.

చివరికి దొరికింది రెండు అర్రలు, ఒక వంటగది. ఐదుగురం ఉంటాం. నైట్ డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకుందామంటే అత్తమ్మ మంచం, పిల్లల పుస్తకాలు, టీవీ అన్నీ ఒక్క చోటే. మాకు ఇల్లు లేదని ఎవరూ అనరు. కానీ పట్టణాల్లో ఇండ్ల కొరత మీద కేంద్రం వేసిన సాంకేతిక బృందం 2012లో లెక్కగట్టినప్పుడు దేశంలో కోటి 87 లక్షలకు పైగా ఇండ్లు తక్కువున్నాయని తేల్చింది. అందులో దాదాపు కోటిన్నర మాలాగా ఇరుకింట్లో సర్దుకుంటున్న కుటుంబాలవే. రోడ్డు మీద పడుకునేవాళ్లు ఆ లెక్కలో చాలా కొద్దిమంది. కొరత అనేది నాలుగు గోడల మధ్యే ఉంటుంది కాబట్టి బయటికి కనిపించదు.

ఇక జాగా లేదా అంటే, సెలవు రోజు బస్సెక్కి ములుగు రోడ్డు వైపు పోయినా, కరీంనగర్ రోడ్డు వైపు పోయినా, మడికొండ దాటి పోయినా ఒకటే దృశ్యం. పెద్ద కమాను, లోపల తెల్లసున్నం వేసిన హద్దురాళ్లు, రాళ్ల మధ్య తుమ్మచెట్లు. ఎన్నో వెంచర్లలో ప్లాట్లన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి, ఇండ్లు మాత్రం నాలుగైదే. 42 గ్రామాలను కలిపి, 400 చదరపు కిలోమీటర్లు దాటిన గ్రేటర్ వరంగల్ అయ్యాం. 66 డివిజన్లున్నాయి. నల్లా, మోరీ, వీధి దీపం, బస్సు అంత దూరం పోవాలి. అక్కడ కొన్నవాళ్లను నేను తప్పు పట్టను. మా అన్న కూడా రింగు రోడ్డు వస్తుందంటే అప్పు చేసి 150 గజాలు కొన్నాడు, బిడ్డ పెండ్లికి అక్కరకొస్తుందని. బ్యాంకులో వేసే బదులు భూమిలో వేశాడు. అందరూ అలాగే వేస్తే నగరం చుట్టూ ప్లాట్లు పెరుగుతాయి, కిరాయికి ఇల్లు పెరగదు.

దీని బరువు రైతుల మీదా పడుతుంది. 2022లో ఔటర్ రింగ్ రోడ్డు కోసమని 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు తీసుకుని, లేఅవుట్ వేశాక కొంత ప్లాట్లుగా తిరిగివ్వడం) చేయబోతే రైతులు రోడ్డెక్కారు, సర్కారు వెనక్కి తగ్గింది. మిర్చి, పత్తి పండే నేల అది. ఆ పంట అమ్ముకోవడానికి వచ్చే మార్కెట్‌లోనే మా ఇంటాయన పని చేసేది. ఊరి నడుమ ఖాళీ జాగాలు గోడలు కట్టుకుని ఉంటే చేన్ల మీదికి పోవడం ఎందుకు?

సర్కారు పథకాలున్నాయి కదా అంటారు. 2015 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వరంగల్‌లోనే మకాం వేసి బస్తీలు తిరిగి పక్కా ఇండ్లు ఇస్తామన్నారు. బాలసముద్రం అంబేద్కర్‌నగర్‌లో డబుల్ బెడ్రూం ఇండ్లు లేచాయి గానీ, కట్టినవి పంచడానికి ఏళ్లు పట్టింది. ఎదురుచూస్తున్న గుడిసెవాసుల కళ్ల ముందే తాళాలు వేలాడాయి. 2024 మార్చిలో ఇప్పటి ప్రభుత్వం ఇందిరమ్మ ఇండ్లు మొదలుపెట్టింది. 5 లక్షలు నాలుగు విడతల్లో ఇస్తారు, నియోజకవర్గానికి 3,500 ఇండ్లు అన్నారు. పల్లెలో మా చిన్నమ్మకు మంజూరైంది, సంతోషం. కానీ మొదట ఇచ్చింది సొంత జాగా ఉన్నవాళ్లకే. హనుమకొండలో కిరాయికి ఉండేవాళ్లకు సొంత జాగా ఎక్కడిది? జాగా లేకనే కదా జక్కలొద్దిలో, గుండ్లసింగారంలో జనం ప్రభుత్వ భూముల్లో గుడిసెలు వేసుకున్నది.

అందరికీ సొంతిల్లు ఇచ్చేదాకా ఆగకుండా, మంచి కిరాయి ఇండ్లు కట్టించమని నేను అడుగుతున్నాను. ఇది కొత్త కోరిక కాదు. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు వచ్చిన ఈ ఊళ్లో కార్మికులు పని చేసే చోటికి దగ్గర్లోనే క్వార్టర్లలో ఉండేవారు. ఇప్పుడు గీసుగొండ, సంగెం మధ్య టెక్స్‌టైల్ పార్కులో కుట్టుపనికి పోయే ఆడపిల్లలు రోజూ ఎంత దూరం పోయి వస్తున్నారో ఆ బస్సుల్లో చూడండి. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో కిరాయి ఇండ్ల కోసమే ఒక భాగం ఉంది. ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకు, పరిశ్రమల్లో పనిచేసేవాళ్లకు, వలస వచ్చినవాళ్లకు అని అందులోనే రాశారు. మన జిల్లాల ప్రజాప్రతినిధులు ఆ ఇండ్లు ఎందుకు అడిగి తెచ్చుకోరు? ఆస్పత్రులు, మార్కెట్, బస్టాండు, రైల్వే స్టేషన్‌లకు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ జాగాలను వేలం వేసి సొమ్ము చేసుకునే బదులు వాటిలో కట్టొచ్చు.

ఇక మా కాలనీ పెద్దల అభ్యంతరాలు. నీళ్లు చాలవు, మోరీ పొంగుతుంది, బండ్లు రోడ్డు మీద పెడతారు, వరద వస్తుంది అన్నారు. కొట్టిపారేసే మాటలు కావు. వరద సంగతి నాకు బాగా తెలుసు. 2020 ఆగస్టులో ఇదే నయీంనగర్‌లో మోకాలు దాటిన నీళ్లలో డ్యూటీకి పోయాను. 2023 జూలైలో, 2025 అక్టోబరు తుపానులో నగరంలో మళ్లీ కాలనీలు మునిగాయి. అయితే ఆ నీళ్లను ఆపింది ఐదో అంతస్తా? నాలాను సగం మింగి కట్టిన ప్రహరీలు, చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో వేసిన ప్లాట్లు ఆపాయి. కాకతీయులు గొలుసుకట్టుగా తవ్వించిన చెరువుల ఊరు మనది. ఒకటి అలుగు పోస్తే కిందిదానిలోకి పోవాలి. ఆ దారిలో ఒక్కో అంతస్తు ఇండ్లు పరుచుకుంటూ పోయాం. పది హెక్టార్లు దాటిన చెరువు చుట్టూ 30 మీటర్లు వదలాలని 2012 నాటి జీవో 168 చెప్తోంది. శిఖంలో, నాలా మీద ఒక్క ఇటుక కూడా పెట్టనివ్వొద్దు, అందుకు సంతకం పెట్టమంటే అందరికంటే ముందు నేనే పెడతాను. కానీ అక్కడ కట్టొద్దంటే మెట్ట మీద, రోడ్డున్న చోట, నలుగురికి సరిపడా పైకి కట్టాల్సిందే. రెండూ వద్దంటే మాలాంటివాళ్లు మళ్లీ ఆ పల్లపు జాగాల్లోనే చవకగా దొరికే గదిలోకి పోతారు. ముందు మునిగేది వాళ్లే.

మోరీ మాట న్యాయమైనది. భూగర్భ డ్రైనేజీకి 2024 నవంబరులో 4 వేల కోట్లకు పైగా మంజూరు చేశారు, 2041 మాస్టర్ ప్లాన్ కూడా అప్పుడే వచ్చింది. ఆ పనులు మా సందు దాకా ఎప్పుడొస్తాయని కాలనీ పెద్దలు కార్పొరేషన్‌ను గట్టిగా అడగాలి, వెంట నేనూ వస్తాను. పార్కింగ్‌కు సెల్లారో స్టిల్టో లేకుండా కడితే అనుమతి రద్దు చేయించాలి. ఖాళీ జాగాల పన్ను గట్టిగా వసూలు చేయాలి, ఊరి నడుమ ఏళ్లకేళ్లు కట్టకుండా వదిలేసినవాళ్లకు ఏటా పెంచాలి. మా అన్న ఒప్పుకోడు, అయినా చెప్తున్నాను.

ఇందులో నా స్వార్థం ఉందంటారేమో. ఉంది. ఆ అపార్ట్‌మెంట్‌లో పది ఫ్లాట్లు వస్తాయట, కొన్ని కిరాయికి ఇస్తారట. నిన్న డ్యూటీ నుంచి వస్తూ జాగా ఓనర్ ఇంటికి పోయి, ఒకటి మాకు చెప్పి ఉంచమని అడిగాను. నైట్ డ్యూటీలుంటాయని, అత్తమ్మ మంచాన ఉందని ముందే చెప్పాను. "కాలనీవాళ్లు కట్టనిస్తే చూద్దాం అమ్మా" అన్నారు.

– ఒక స్టాఫ్ నర్సు, నయీంనగర్, హనుమకొండ